ఒక్కో ఫోర్కుకు నాలుగు సిరంజీలు

ఉదయం ఆరూ పదికి మా లారీలు నగరి పొలిమేరలో ఆగాయి. ముందు రోడ్డు లేదు. నది ఉంది. పైన సన్నటి వాన. ఇరవై రెండు మందిమి. రెండు రబ్బరు పడవలు, మూడు వైర్‌లెస్ సెట్లు, ఒక మందుల పెట్టె. నేను హవల్దారు మెకానిక్‌ని. పద్దెనిమిదేళ్లు మంచులో, ఇసుకలో గడిచాయి. మా చంద్రగిరికి ఇంత దగ్గరలో వరద డ్యూటీ పడడం అదే మొదటిసారి.

తొమ్మిదిన్నరకు నది దాటి అవతలి ఊరి బడిలో దిగాం. అక్కడికి ఏడు కిలోమీటర్లలో ఒక చేనేత పల్లె. మధ్యలో మట్టిరోడ్డును నీళ్లు కోసేశాయి. నడిస్తే రెండు గంటల పైమాటే. మా వైర్‌లెస్ ఆపరేటరుది పీలేరు. ఇద్దరు జవాన్లతో నడిచి వెళ్లి ఆ పల్లెలోనే ఉండిపోయాడు.

మేం దిగిన ఊళ్లో బళ్లన్నీ మునిగి మొరాయించాయి, ఒక్కటి తప్ప. అది ఎత్తరుగు మీద నిలబెట్టిన యాభై ఏళ్ల నాటి మోటారు సైకిలు. నీళ్లు దాని ముందు ఫోర్కుల దాకే వచ్చాయట. కుప్పమ్మ అనే పెద్దావిడది. ఆమె భర్త మెకానిక్కు. ఆ పల్లెకు మందులు చేరవేయడానికి బండి అడిగాను.

"తీసకపోప్పా. ఆయన పోయి నాలుగేండ్లాయ. వారానికొకతూరి నేనే స్టార్ట్ జేసి ఆపుతాండా" అంది.

రెండో కిక్కుకే అందుకుంది. వంద గజాలు పోయానో లేదో మొదటి గుంతలో ముందుభాగం టంగుమని కిందికి కొట్టింది. చక్రం ఎగిరింది. హ్యాండిలు చేతిలోంచి జారి బురదలో పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది.

"వదిలెయ్. నీ చెయ్యి విరిగితే లారీలు ఎవరు చూస్తారు?" అన్నారు మా సుబేదారు.

"నలభై నిమిషాలివ్వండి సాబ్."

"ముప్పై."

చక్రానికి రెండు పక్కలా ఉండే ఫోర్కు గొట్టాల్లో స్ప్రింగుతో పాటు నూనె ఉంటుంది. స్ప్రింగును ఎగిరిపడకుండా పట్టి ఉంచేది ఆ నూనే. ఇంజను కింద దుంగ పెట్టి చక్రాన్ని లేపాను. అడుగు స్క్రూ విప్పితే మజ్జిగలాంటి తెల్లటి నీళ్లు కారాయి. లోపల నూనెకు వరద నీళ్లు కలిశాయి. కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టాను.

నేను అడగకముందే కుప్పమ్మ అటక మీది నుంచి ఫోర్కు ఆయిల్ డబ్బా దింపింది. అరలీటరుకు కొంచెం తక్కువే ఉంది.

"ఒక్కోదానికి ఇన్నూరు మిల్లీ. రెండింటికీ సమంగా పోయాల. ఆయన పోసేది, నేను గరాటు పట్టేది. నాకు తెలీదా?" అంది.

రెండు వందల మిల్లీలీటర్లు కొలవడానికి ఏమీ లేదు. మాతో వచ్చిన కెప్టెన్ డాక్టరమ్మ తన సంచిలోంచి యాభై మిల్లీలీటర్ల సిరంజి తీసి ఇచ్చింది.

"ఒక్కటే ఇస్తాను హవల్దార్. చుక్క కింద పడకూడదు."

కుప్పమ్మ గరాటు పట్టింది. "ఒగటి... రెండు... మూడు... నాలుగు. సాలు, ఇంగ ఆ పక్క." మూతలు బిగించి హ్యాండిలు మీద బరువు వేశాను. ముందుభాగం నిదానంగా దిగింది, నిదానంగా లేచింది. కుప్పమ్మ కూడా ఒకసారి నొక్కి చూసింది.

"ఇబ్బుడు సరిగ్గా ఉండాది."

సుబేదారు గడియారం చూసుకున్నారు. ముప్పైనాలుగు నిమిషాలు.

మధ్యాహ్నం రెండూ ఇరవైకి వైర్‌లెస్ మోగింది. పీలేరు ఆపరేటరు గొంతు.

"అన్నా, ఈడ ఒగామెను నాగుబాము కరిసినాది. మగ్గం కాడ కాళ్లు పెట్టే గుంతలో పాము దూరి ఉన్నింది. మాట ముద్దముద్దగా వస్తాండాది. యాడున్నారు డాక్టరమ్మ? తొందరగా పంపీండి. ఓవర్."

"బయల్దేరినాం. ఓవర్" అన్నాను.

డాక్టరమ్మ వెనక కూర్చుంది. ఒళ్లో పెట్టె. పెట్టెలో విషం విరుగుడు మందు, పది గాజు సీసాలు. మొదటి గుంత వచ్చింది. పళ్లు బిగించాను. ఫోర్కు దిగింది, ఆగింది, లేచింది. హ్యాండిలు నా చేతిలోనే ఉంది. మూడు చోట్ల దిగి తోశాం. ఇరవై ఆరు నిమిషాల్లో పల్లె చేరాం. పెట్టె తెరిచి చూస్తే ఒక్క సీసా పగల్లేదు.

సాయంత్రం ఐదుకు నేనే సెట్టులో చెప్పాను: "సాబ్, మనిషి దక్కింది. ఓవర్." అటు నుంచి సుబేదారు గొంతు: "శభాష్. ఆ పెద్దావిడకు కూడా చెప్తాను."

ఆరో రోజు మా దళం తిరుగు ప్రయాణం. బండిని కడిగి, తుడిచి అరుగెక్కించాను. కుప్పమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి నా వీపు మీద గట్టిగా చరిచింది. సర్వీసులో నాకు రెండు పతకాలొచ్చాయి. ఆ చరుపు వాటికేం తీసిపోదు.

ఇప్పుడు రిటైరై చంద్రగిరిలో ఉంటున్నాను. యుద్ధం చూశావా అని జనం అడుగుతారు. నాకు కళ్ల ముందు నిలిచేది ఆ పల్లెలో నేతపనివాళ్ల ఇంటి వసారా. మంచం మీద పాము కరిచిన ఆ ఇల్లాలు. ఎంత పిలిచినా తెరవలేని కళ్లు. డాక్టరమ్మ మందు ఎక్కించి, ఆమె మణికట్టు పట్టుకుని కూర్చుంది. వాన ఆగింది. అప్పుడు ఆ ఇల్లాలి ఎడమ రెప్ప, బియ్యపుగింజంత, పైకి లేచింది.