అక్క చెప్పిన సాక్ష్యం

మొన్న మోకాలి ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షల కోసం నెల్లూరులో ఆసుపత్రికి వెళ్తే, మత్తిచ్చే డాక్టరమ్మ, మా మనవరాలి వయసుంటుందేమో, మోకాలి సంగతి పక్కనపెట్టి తక్కినవన్నీ అడిగింది. నిద్ర సరిగా పడుతుందా, ఒంట్లో ఇంకెక్కడైనా పాత నొప్పులున్నాయా, ఆపరేషనంటే భయమా, మనసులో దిగులేమైనా ఉందా అని. ఇవన్నీ నీకెందుకమ్మా అంటే, కుట్లు మానినా కొంతమందికి నొప్పి ఏళ్ల తరబడి పోదని, అది ఎవరికి రావచ్చో ముందే కొంత అంచనా కట్టవచ్చని, ఖాయంగా చెప్పలేకపోయినా అలాంటివాళ్లను మొదటినుంచీ కనిపెట్టుకుని ఉంటామని నిదానంగా చెప్పింది. నేను జవాబులు చెబుతూనే ఉన్నాను గానీ, మనసంతా మా అక్క మీదికి పోయింది.

మేం పెరిగింది బిట్రగుంట రైల్వే కాలనీలో. పెళ్లయి పక్క వీధిలోనే కాపురమున్న అక్కకు, ఇద్దరు పిల్లలు పుట్టాక, గర్భసంచి తీసేశారు. అంతకు ముందునుంచే ఆమెకు నడుంనొప్పి, తలనొప్పి, నిద్ర అంతంతమాత్రం, ఆపరేషన్ మాట వింటేనే వణుకు. ఇవేవీ ఎవరూ అడగలేదు, అడగాలని ఎవరికీ తెలియదు. ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లు, నిలబడే ఓపిక రాగానే, ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పడం మా సంఘంలో ఆనవాయితీ. అక్కా చెప్పింది, ప్రభువు తనను పూర్తిగా స్వస్థపరిచాడని, ఇక ఏ బాధా లేదని. అందరూ స్తోత్రం అన్నారు, అమ్మ కళ్లు తుడుచుకుంది, ఆ సాయంత్రం ఇంట్లో ప్రార్థన పెట్టి వచ్చినవాళ్లకు కోడికూర అన్నం పెట్టాం.

నొప్పికి మాత్రం ఆ సాక్ష్యం వినపడలేదు. కుట్లు మానాయి, మచ్చ తెల్లబడింది, పొత్తికడుపులో మంట అట్లాగే ఉండిపోయింది. నీళ్లబిందె ఎత్తేటప్పుడు పెదవి కొరుక్కునేది. డాక్టరు దగ్గరికి పోదాం రమ్మని నేను ఎంత పోరినా కదిలేది కాదు.

"దేవుని ముందర నిలబడి బాగైపోయిందని చెప్పినా గదా మే. ఇప్పుడు నొస్తా ఉండాదంటే ఆయనకు మాట తెచ్చినట్టే గదా" అనేది.

ఒకసారి అక్కే ఉండబట్టలేక అమ్మతో అంటే, నీకు విశ్వాసం చాలలేదు, ఇంకా ప్రార్థన చెయ్యమంది అమ్మ. ఆమె చెడ్డది కాదు, ఆమెకు తెలిసిన మందు అదొక్కటే. ఆ తరవాత అక్క మళ్లీ నోరెత్తలేదు. పైగా నవ్వుతూ తిరిగేది, అదే నాకు ఒళ్లుమంటగా ఉండేది. ఆ నొప్పితోనే పిల్లల్ని పెంచింది, ఆ నొప్పితోనే పోయింది.

నా ఈడు వాళ్లకు తెలుసు, మన కాలంలో బాధ చెప్పుకుంటే ఎవరినో తప్పుపట్టినట్టే, డాక్టరునో, అత్తగారినో, దేవుణ్ణో. ఇప్పుడు డాక్టర్లే పిలిచి అడుగుతున్నారు, మంచిదే. నిద్ర పట్టదని, భయంగానే ఉందని నేను దాచకుండా చెప్పేశాను. ఇంటికి వచ్చాక మాత్రం నా ఆపరేషన్ మాట మరిచి అక్క గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. పావుగంట పట్టని ప్రశ్నలు. ఆపరేషన్‌కు ముందు అక్కను ఎవరైనా అడిగి ఉంటే ఉన్నదున్నట్టు చెప్పేది. బతుకు మొత్తంలో ఆమె ఆడిన అబద్ధం ఆ ఆదివారం చెప్పిందొక్కటే, అదీ నిజమైపోతుందని నమ్మి.