అరుగు మీది కంచం

నేను కొత్తవాడకు కోడలిగా వచ్చిన ఏడాది నా నోటికి తాళం ఉండేది కాదు. జంపఖానా మగ్గం మీద ఒక పక్క అత్తమ్మ, ఒక పక్క నేను కూర్చుని నేసేవాళ్లం. పోగుల మధ్య అటూ ఇటూ విసిరే నాడెలో పెట్టుకునే నూలు కండెలు పక్కింటి అవ్వ చుట్టి ఇచ్చేది. ఆమె కండె రాయిలా ఉండేది, ఒక్క పోగు జారేది కాదు. మా వాడలో కండెను బొటనవేలితో ఒత్తి చూసి ఎవరు చుట్టారో చెప్పేవాళ్లు.

ఆ చలికాలం అత్తమ్మ పాలకుర్తిలోని పుట్టింటికి పోయి పది రోజులు ఉంది. అప్పుడే అవ్వ బయట కనపడటం మానేసింది. కండెలు ఆమె కొడుకు తెచ్చి ఇచ్చేవాడు. అవి ఎంత వదులంటే, నాడె విసిరితే చాలు నూలు ఊడి చిక్కుపడేది. నాకు ఒళ్లు మండింది. బుట్టెడు కండెలు అతని ముందే కుమ్మరించి, చేతకాకపోతే మానుకోమను మీ అమ్మను అని తిప్పి పంపాను. అతను అవన్నీ ఏరుకుని తీసుకుపోయాడు. గెలిచానని సంబరపడ్డాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అత్తమ్మ వచ్చాక మగ్గం కింద మిగిలిన కండె ఒకటి ఆమె చేతికి దొరికింది. ఒత్తి చూసి, తినబోయే అన్నం వదిలి లేచింది.

"ఇది చేతుల తప్పు గాదు బిడ్డా. కడుపుల బువ్వ లేక చుట్టిన కండె" అంది.

ఇద్దరం పక్కింటికి పోతే, అవ్వకు జరమొచ్చి పండుకుందని కొడుకు గుమ్మంలోనే చెప్పాడు. లేచేదాకా కూర్చుంటాలే అని అత్తమ్మ రాట్నం తెప్పించుకుని వాళ్ల అరుగు మీదే నూలు చుట్టడం మొదలుపెట్టింది. ఏం సంగతని వచ్చిన ఆడవాళ్లు కూడా తలా ఒక రాట్నం తెచ్చుకున్నారు. పొద్దుగూకేసరికి అరుగు నిండిపోయింది. ఆ సందడికి అవ్వే గోడ పట్టుకుని బయటకు వచ్చింది. చిక్కి సగమైంది. ముంజేయి వాచి, కమిలి ఉంది.

జారి పడ్డానంది. అత్తమ్మ ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అప్పుడు అవ్వ ఏడుస్తూ అసలు సంగతి చెప్పింది. కొడుకు ఒక్క పూట గంజే పోస్తున్నాడట. కండెలు తిరిగొచ్చిన రోజు అదీ ఆపి, చేయి మెలిపెట్టాడట. ఆ కండెలు తిప్పి పంపింది నేనే కదా.

అత్తమ్మ మా ఇంటికి వచ్చేయమంది. అవ్వ తల అడ్డంగా ఊపింది.

"నేను నేసి కట్టుకున్న ఇల్లిది. ఇడిచి రాను. గానీ ఇగ నా బువ్వ ఈ అరుగు మీదనే తింట. అందరు సూడుండ్రి."

"ఇన్నవా కొడుకా?" అంది అత్తమ్మ, గుమ్మంలో నిలబడ్డ అతన్ని చూసి. "రెండు పూటలు పెట్టు. ఇంకోపారి చెయ్యి లేసిందంటే కులపెద్దల ముందట నిలబెడ్త."

మర్నాడు అత్తమ్మే అవ్వను దవాఖానకు తీసుకుపోయి కట్టు కట్టించింది.

చెప్పొద్దూ, ఆ తర్వాత మా వాడకు అంతకు మించిన వేడుక లేదు. అవ్వ కంచం బయటకు వచ్చే వేళకు అందరికీ ఆ దారిలోనే పని పడేది. ఒకామె ఇవాళేం కూర అనేది, ఇంకొకామె ఉప్పు సరిపోయిందా అనేది. వరసగా మూడు రోజులు పచ్చిపులుసే కనపడితే వాడంతా మూతి ముడుచుకుంది. ఆదివారం అతను మట్టెవాడ బజారుకు పోయి మటన్ తెచ్చాడు. ఇన్నాళ్లూ అతనికి జడిసి నోరు మెదపని అతని భార్య, కంచం నింపుతూ కొంగు చాటున నవ్వింది.

నేను మాత్రం అవ్వ ముఖం చూడలేక తప్పించుకు తిరిగాను. ఎండలు ముదిరాక ఒకరోజు ఆమే అన్నం తింటూ పిలిచి, పక్కనున్న కండె చూపించింది.

"ఒత్తి సూడు."

ఒత్తాను. వేలు దిగలేదు.

"ఇప్పుడు తిప్పి పంపు, సూద్దాం."

అరుగంతా నవ్వింది. నవ్వలేక, ఏడుపు ఆపుకోలేక నిలబడ్డాను. అవ్వ కంచంలో ఒక ముద్ద పెద్దగా కలిపి నా నోట్లో పెట్టింది.