ఇరవై రెండు నియమాల ఊరు

ఆ ఆదివారం పొద్దున మా చదువరుల గదిలో ఉన్నవి: ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను, ఒక తెల్లబోర్డు, ఫ్లాస్కులో టీ. ఉన్నవాళ్లు: ఘాట్ రోడ్డు బస్సు నడిపి రిటైరైన ఒక డ్రైవరు, చిత్తూరు నుంచి వచ్చే టీచరమ్మ, గూడూరులో నిమ్మకాయల వ్యాపారం చేసే పెద్దాయన, మరో నలుగురు, నేను. తిరుపతిలో ఒక టైలరు షాపు మీదుంది ఆ గది. ఏడాదికొకసారి అచ్చువేసే మా చిన్న పుస్తకంలో ఒక్క కొత్త కథకే చోటు. ఆ రోజే ఆఖరు. నాది తప్ప వేరే కథ రాలేదు. ఓట్లు రాకపోతే ఆ పేజీలు ఖాళీగా వదిలేస్తారు.

కథ పేరు ‘ఆదర్శ నగరం’. అలాంటి ఊళ్ల గురించి దొరికినవన్నీ చదివి రాశాను. భయంకరమైన ఊళ్ల కథలూ చదివాను. వాటిని చెడ్డవాళ్లు కట్టారని, నా ఊరికి ఆ ప్రమాదం లేదని లెక్కేసుకున్నాను. జనాభా నాలుగు వేల ఎనిమిది వందలు. పోలీసులు లేరు, తాళాలు లేవు. నీళ్లకూ బడికీ ఆస్పత్రికీ అందరికీ వంతులే. మూడుసార్లు వంతు తప్పినవాళ్లు మాత్రం ఊరి బయటికి వెళ్లాలి. అది పద్నాలుగో నియమం.

చదవడం అయ్యాక అందరూ బాగుందన్నారు. డ్రైవరు ఒక్కడే అడిగాడు.

“అంతా బాగుండాది అబ్బా. ఒకటి సెప్పు. నీ ఊళ్లో ముందు పోయే బస్సు మలుపులో నిలిచిపోయిందనుకో. ఎనకొచ్చే నేను ఆపల్లా, పోవల్లా?”

“పోవాలన్నా. రిపేరు బండి వస్తుంది.”

“అది వచ్చిందాకా ముసిలోళ్లు ఎండలో నిలబడల్లా? ఘాట్‌లో మేం ఎవురూ అట్ల పోము. నిలబెట్టుకొనైనా ఎక్కించుకుంటాం. ఏ పుస్తకంలోనూ రాసిలేదు అది.”

“మూడుసార్లు ఆపితే నువ్వు ఊరి బయటే అన్నా,” అని టీచరమ్మ నవ్వింది. “నువ్వే కాదు, లేటై వంతు తప్పినందుకు నీ బస్సులో వాళ్లంతా.”

నేను బోర్డు దగ్గరికి వెళ్లాను. బస్సుకు నలభై మంది. వారానికి ఒక బస్సు చెడిపోతుంది. మూడుసార్లు ఆపితే నలభై మందీ బయటికి. ఊరందరికీ నూట ఇరవై బస్సులు, ఒక్కోదానికి మూడు వారాలు, మొత్తం మూడు వందల అరవై వారాలు. ఏడేళ్లు నిండకముందే ఊరు ఖాళీ. రెండుసార్లు సరిచూశాను, తప్పు లేదు.

పద్నాలుగో నియమం తీసేస్తే సరిపోతుందని నిమ్మకాయల పెద్దాయన సలహా ఇచ్చాడు. వద్దన్నాను. తీసేస్తే తక్కిన ఇరవై ఒకటి నిలబడవు, అన్నీ దాని మీదే కట్టినవి. అరగంట టైము అడిగి గది మూలన కూర్చున్నాను. ఒక్క నియమం కూడా మార్చలేదు. పేరులో ‘ఆదర్శ’ కొట్టేశాను. చివర ఒక పేజీ కలిపాను: ఒక డ్రైవరు మూడోసారి బస్సు ఆపుతాడు, నలభై మందీ ఎవరూ చెప్పకుండానే జరిగి చెడిపోయిన బస్సువాళ్లకు చోటిస్తారు.

ఆ పేజీ చదివాను. కథ ఇప్పుడు సరిగ్గా ఉందని నాకు తెలుసు. ఊరు మంచిదవ్వాలని ఆశపడ్డ పెద్దాయనకు మాత్రం నచ్చలేదు. చేతులెత్తమన్నారు. అనుకూలం ఆరు, వ్యతిరేకం ఒకటి.