టికియాపారా దగ్గర ఆగిపోయిన బండి

అమ్మ పోయిన మర్నాడు మధ్యాహ్నం, చర్చిలో ప్రార్థన అయ్యాక, పెట్టెను శవవాహనంలోకి ఎక్కించి సమాధుల తోటకి బయలుదేరాం. మా పుట్టిల్లు సంత్రాగాఛిలో. సమాధుల తోట గంగ దాటాక, కోల్‌కతా వైపు. పాస్టరు అయ్యగారూ, సంఘంలోని పెద్దలూ, మా ఆయనా పిల్లలూ, చుట్టాలూ మినీ బస్సులో ముందే వెళ్ళిపోయారు. శవవాహనం వెనక భాగంలో పెట్టె పక్కన మేం నలుగురం కూర్చున్నాం: నాన్న, నేను, తమ్ముడు, అమ్మ చెల్లెలైన మా పిన్ని.

ఆస్పత్రిలో డాక్టరు విషయం చెప్పినప్పటినుంచీ నాన్న నోరు విప్పలేదు. చర్చిలో పాటలు పాడుతున్నప్పుడు కూడా పెదవులు కదపలేదు. అమ్మ పాడేది, ఆయన వంత కలిపేవాడు. పెళ్ళయినప్పటినుంచీ అదే అలవాటు.

పెద్ద రోడ్డు మీద జామ్ ఉందని డ్రైవరు ఊళ్ళోంచి పోనిచ్చాడు. టికియాపారా దాటుతుండగా వెనక చక్రం పెద్ద చప్పుడుతో పేలింది. బండి ఒక పక్కకి ఒరిగింది. పెట్టె నా మోకాళ్ళ వైపు జారి వచ్చింది. నాన్న రెండు చేతులూ చాచి దాన్ని పట్టుకున్నాడు. బండి ఆగాక కూడా వదల్లేదు.

తమ్ముడు దిగి చూశాడు. ఆ చుట్టుపక్కలంతా ఇనప సామాన్ల కార్ఖానాలు. రోడ్డు మీద పడి ఉన్న రేకుముక్క టైరు పక్కభాగాన్ని జానెడు మేర చీల్చేసింది.

"దాదా, స్టెప్నీ తియ్యి" అన్నాడు తమ్ముడు బెంగాలీలో.

డ్రైవరు తల దించుకున్నాడు. స్టెప్నీ ఇంతకుముందే ముందు చక్రానికి వేసేశాడట. పాడైన టైరు ఇంకా షాపులోంచి రాలేదట. తమ్ముడి మొహం ఎర్రబడింది. శవాన్ని మోసే బండిని అలా ఎలా తిప్పుతావని అరిచాడు. డ్రైవరు ఓనరుకి ఫోను చేశాడు. రెండో బండి ఎక్కడో దూరంగా ఉందనీ, వచ్చేసరికి సాయంత్రమవుతుందనీ చెప్పారు. శీతాకాలం రోజులు. పొద్దు వాలితే సమాధుల తోట గేటు మూసేస్తారు.

టైరు విప్పి దగ్గర్లోని పంక్చర్ షాపుకి తీసుకెళ్ళి అడిగి చూద్దామన్నాడు డ్రైవరు. జాకీ ఎత్తితే బండి ఇంకా ఒరుగుతుంది, పెట్టె కిందికి దించాలి అన్నాడు.

పిన్ని గుండెలు బాదుకుంది. "ఓలమ్మో, మా అప్పని రోడ్డు మీద దించుతారేటి?"

అప్పుడు నాన్న మాట్లాడాడు. రెండు రోజుల్లో అదే మొదటి మాట.

"దించండి. ఒంకరగా ఉంది. దానికి నడుం నొప్పి. అలాగ పడుకోనేదు."

నాకు అప్పటిదాకా ఆగిన ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను.

బండి ఆగింది ఒక డెకరేటర్ షాపు ముందు. పెళ్ళిళ్ళకీ పూజలకీ పందిళ్ళు వేసి, కుర్చీలూ బల్లలూ అద్దెకిచ్చే షాపు అది. పెళ్ళిళ్ళ సీజను కావడంతో సామానంతా బయటే పేర్చి ఉంది. లోపలినుంచి ఒక నడివయసావిడ వచ్చింది. ఏం జరిగిందో ఎవరినీ అడగలేదు, చూస్తే తెలిసిపోతోంది. భర్తని పిలిచింది. ఇద్దరూ కలిసి భోజనాల బల్లలు రెండు పక్కపక్కనే వేసి, వాటి మీద ఉతికిన తెల్లగుడ్డ పరిచారు. రోడ్డున పోయేవాళ్ళలో ముగ్గురు నలుగురు వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. వాళ్ళలో నెత్తిన టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకాయన ఉన్నాడు. పెట్టె దించాక ఆయన చేతులు పైకెత్తి, తన భాషలో ఏదో ప్రార్థన చేసుకుని వెళ్ళిపోయాడు.

అలా అమ్మని పెళ్ళిభోజనాల బల్ల మీద పడుకోబెట్టాం. షాపావిడ నాన్నకి ఒక కుర్చీ తెచ్చి వేసింది. దాని వీపుకి ఇంకా ఎర్ర శాటిన్ రిబ్బను కట్టే ఉంది. నాన్న దాంట్లో కూర్చుని పెట్టె మీద చెయ్యి ఆనించాడు. పక్కనుంచి బస్సులు పోతున్నాయి. ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ కండక్టర్లు కూడా చెయ్యి నుదుటికి తాకించుకుంటున్నారు.

డ్రైవరు చక్రం విప్పి, దాన్ని టోటోలో, అంటే బ్యాటరీ రిక్షాలో వేసుకుని వెళ్ళాడు. తొందరగానే తిరిగొచ్చాడు. మొహం చూస్తేనే తెలిసింది. పక్కభాగం చీలితే అతుకు వెయ్యడం కుదరదని షాపువాడు చెప్పేశాడట. ఆ సైజు టైరు కూడా వాళ్ళ దగ్గర లేదట. అటునుంచి అయ్యగారి ఫోను: "గొయ్యి తవ్వి సిద్ధంగా ఉంచారమ్మా. ఎక్కడున్నారు?" టికియాపారాలో ఆగిపోయామని చెప్పాను.

నేను అప్పటికే బౌదీ, అంటే వదిన, అని పిలుస్తున్న ఆ షాపావిడ భర్తతో గుసగుసగా ఏదో అంది. ఆయన మా దగ్గరకొచ్చి, "నా బండి ఉంది. మీకు అభ్యంతరం లేకపోతే మాశీమాని నేను దింపుతాను" అన్నాడు. మాశీమా అంటే పిన్నిగారని. తన జన్మలో చూడని మా అమ్మని ఆయన అలా పిలిచాడు.

ఆయన చూపించింది కుర్చీలు మోసే చిన్న ట్రక్కు. పక్కన పసుపురంగు అక్షరాలతో షాపు పేరు, దాని కింద తామరపువ్వు మీద పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ బొమ్మ.

తమ్ముడు ఒప్పుకోలేదు.

"కుర్చీల బండిలోనా నాన్నా? సంఘమంతా అక్కడే ఉంది. ఏటనుకుంటారు? ఆగుదాం. రెండో బండి వస్తుంది."

"పొద్దు కుంగిపోతంది" అంది పిన్ని మెల్లగా.

"అయితే రేపు చేద్దాం! అమ్మని ఇలాగ పంపిస్తామా?" తమ్ముడి గొంతు పెద్దదైంది. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

నాన్న కుర్చీలోంచి లేవకుండానే వాడి చెయ్యి పట్టుకుని దగ్గరకి లాక్కున్నాడు.

"ఒరే నాయినా, ఇను. పెళ్ళయి నాతోటి ఈ ఊరొచ్చినప్పుడు మీయమ్మకి జొరం. శ్రీకాకుళం నుంచి రైల్లో ఒళ్ళు కాలిపోతా వచ్చింది. హౌరా టేసను కాడ్నించి ఇదిగో, ఈ టికియాపారా కోటర్స్ దాకా ఠేలా బండి మీద తెచ్చినాను. సామాను మద్దిన కూకోబెట్టి నానే ఎనకనుంచి తోసినాను. సిగ్గుకి మొకం మీద కొంగు కప్పేసుకుంది. ఇంటికొచ్చి దిగినాక నవ్వింది. నాకేటి, రాణీనాగ వచ్చినాను అంది."

పెట్టెని అరచేత్తో నిమిరి, "ఎల్దుం. సీకటి పడితే అది బయపడతాది" అన్నాడు.

తమ్ముడు వెళ్ళి ట్రక్కు వెనక తలుపు దించాడు. షాపాయన చెప్పులు విడిచి ట్రక్కు ఎక్కి శుభ్రంగా ఊడ్చాడు. ఒక తివాచీ పరిచి దాని మీద తెల్లగుడ్డ వేశాడు. బౌదీ లోపలికి పరుగెత్తి, పందిరికి తెచ్చిన రజనీగంధ పూలలోంచి ఒక కట్ట తెచ్చి పెట్టె మీద పెట్టింది. మా శవవాహనం డ్రైవరు కూడా భుజం పట్టాడు. పెట్టె ఎక్కించాక నా ఎదుట చేతులు జోడించి నిలబడ్డాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. అతని మీద నాకు ఏ కోపమూ రాలేదు.

నాన్న వెనకే కూర్చుంటానన్నాడు. తమ్ముడూ నేనూ ఆయనకి చెరోపక్క ఆనుకుని కూర్చున్నాం. పిన్నిని ముందు సీట్లో ఎక్కించాం. హౌరా బ్రిడ్జి మీద చల్లటి గాలి తగిలింది. నాన్న తన శాలువా తీసి పెట్టె మీద కప్పాడు. 

సమాధుల తోట గేటు దగ్గర సంఘం వాళ్ళు ట్రక్కుని చూసి తెల్లబోయారు. అయ్యగారు మాత్రం గబగబా వచ్చి వెనక తలుపు తానే తెరిచారు. వెలుగు ఉండగానే భూస్థాపన జరిగింది. అందరం తలా గుప్పెడు మట్టి వేశాం. షాపాయన దూరంగా నిలబడి ఉంటే నాన్న చెయ్యి ఊపి పిలిచాడు. ఆయనా వచ్చి మట్టి వేశాడు. తమ్ముడు మాత్రం గుప్పిట్లో మట్టిని వదల్లేకపోయాడు. అందరూ గేటు వైపు నడుస్తున్నా అక్కడే నిలబడిపోయాడు. నేను వెళ్ళి వాడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పాను. అప్పుడు ఏడ్చాడు, చిన్నప్పుడు ఏడ్చినట్టు, ఊపిరి తిరక్కుండా.

ఇప్పుడు నాన్న తమ్ముడి దగ్గర ఉంటున్నాడు. నేను కోల్‌కతా భవానీపూర్‌లో. మా ఆయన బెంగాలీ. పిల్లలకి తెలుగు అర్థమవుతుంది గాని జవాబు బెంగాలీలోనే చెప్తారు. రోజూ పొద్దున్నే అమ్మ ఫోను చేసేది. ఏటి వండినావు, పిల్లలేటి తిన్నారు, మోకాళ్ళెలాగున్నాయి. అవే మాటలు. నాన్నకి నేనే చేస్తాను. "బాగున్నాను తల్లీ" అంటాడు. ఇంకేదైనా అంటాడేమోనని ఎదురుచూస్తాను. ఆయన ఊపిరి వినిపిస్తూ ఉంటుంది. తరవాత ఇద్దరిలో ఎవరో ఒకరం పెట్టేస్తాం. ఒక్కోరోజు ఆ రెండు మాటలు తప్ప నా చెవిన ఇంకో తెలుగు మాట పడకుండానే పొద్దు గూకిపోతుంది.