తాళం తప్పిన తండ్రిని నిలబెట్టిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, రాజంపేటలో నన్ను మృదంగం దావీదు అని పిలిచేవాళ్ళు, నా వెనక మాత్రం తాగుబోతు దావీదు అనే అనేవాళ్ళు, అందులో అబద్ధమేమీ లేదు! మద్యనిషేధం ఉన్నా దొంగసారా ఎక్కడ దొరుకుతుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నా భార్య ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాక ఇల్లు చూసుకున్నది మా ఒక్కగానొక్క బిడ్డ కరుణ.

ఆ బిడ్డ తొమ్మిదో ఏట నుంచి కడపలో ఒక మాస్టరు దగ్గర నాట్యం నేర్చుకుంది, ఎనిమిదేళ్ళు బస్సుల్లో తిరిగింది, సంఘంలో కొందరు ముఖం చిట్లించినా ఎదురు మాట అనకుండా, ప్రార్థన చేసుకుని గజ్జెలు కట్టుకునేది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో అక్కడొక సభలో కరుణ నాట్యం పెట్టారు. మద్రాసు నుంచి సినిమావాళ్ళు వచ్చారు. మృదంగం నాదే. అయ్యో, ఆ సాయంత్రం కూడా తాగే కూర్చున్నాను! ఆట నడుమ వేళ్ళు మొద్దుబారి, తాళం తప్పి, మృదంగం మీదే వాలిపోయాను. నా బిడ్డ ఆగలేదు సహోదరులారా, తన పాదాలతోనే తాళం వేసుకుంటూ చివరిదాకా ఆడింది!

మర్నాడు పొద్దున నా ఎదుట కూర్చుంది. "నాయనా, మద్రాసుకు రమ్మంటాండారు. నిన్ను ఇట్లా ఇడిసిపెట్టి యాడికి పోయేది?"

"నువ్వు పో తల్లీ, నా బతుకు ఇంతే" అన్నాను.

నా రెండు చేతులూ పట్టుకుని ప్రార్థించింది. "ప్రభువా, మా నాయనను బాగు చేయడం నా చేత కాలేదు, నువ్వే చూసుకో. ఈయన మంచోడు. శానా మంచోడు."

తిట్టి ఉంటే ఓర్చుకునేవాణ్ణి, ఆ మాట ఓర్చుకోలేక మోకాళ్ళ మీద పడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాను! తండ్రి కోలుకునేదాకా రాలేనని కరుణ సినిమావాళ్ళకు జాబు రాసింది. సారా మానేసి నెల రోజులు వణికాను, రెండుసార్లు సారా కోసం బయలుదేరి సగం దారిలో తిరిగొచ్చాను, ప్రభువు నన్ను వదలలేదు.

ఆ తర్వాతే మద్రాసు వెళ్ళాం. కరుణకు మొదట గుంపు నాట్యంలో చివరి వరస, ఏడాది తర్వాత ఒకే ఒక్క మాట ఉన్న పనిమనిషి వేషం, ఇప్పుడు కథానాయిక చెల్లెలి వేషం! కడపలో ఆ సినిమా చూస్తుంటే పక్కనున్నాయన, "ఎవురప్పా ఈ పిల్ల, ఎంత బాగా చేస్తాండాది!" అన్నాడు. నా బిడ్డేనని చెప్పబోయి, తొడ మీద తాళం వేస్తూ ఉండిపోయాను.

ఘనతంతా దేవునికే! నాలాంటివాడు ఈ మందిరంలో ఇంకొకడున్నా సిగ్గుపడవద్దు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి ఉంటాను, నా దగ్గరికి రా తమ్ముడూ, మీ ఇంటిదాకా ప్రార్థన చేసుకుంటూ కలిసి నడుద్దాం.