అల్లుడి కోసం దాచిన ఫ్యాను

డెబ్భైల తొలినాళ్ల మాట. నా పెళ్లవగానే మా మామగారు తెనాలిలో టేబుల్ ఫ్యాను కొని రేపల్లెలోని తమ ఇంటికి తెచ్చారు. అల్లుడు వచ్చాకే వేయాలని పెట్టె విప్పకుండా బీరువా మీద పెట్టి, ఇంటిల్లిపాదీ విసనకర్రలతో సరిపెట్టుకున్నారు. నేను బాపట్లలో లెక్చరర్ని. పరీక్షలు, పేపర్లు అంటూ పద్నాలుగు నెలలకు గానీ వెళ్లలేదు.

ఫ్యాను ఒక్క నిమిషం గాలి ఇచ్చింది. తర్వాత కాస్త పొగ ఇచ్చి ఆగిపోయింది. మామగారు తలెత్తి నా ముఖం చూడలేకపోయారు. మర్నాడే ఇద్దరం ఫ్యాను పట్టుకుని తెనాలి షాపుకెళ్లాం.

"గ్యారంటీ ఏడాదేనండి. దాటి రెండు నెలలైంది," అన్నాడు యజమాని.

"మొదటిసారి వేసింది నిన్నేగా బాబూ!" అన్నారు మామగారు.

"మరి ఇన్నాళ్లూ ఏం చేశారండి?"

"అల్లుడుగారు రాలేదు," అంటూ మామగారు నన్ను చూపించారు.

షాపులో ఉన్నవాళ్లందరూ నావైపు తిరిగారు.

"ఎక్కడుంటారండి తమరు?" అనడిగాడు వాళ్లలో ఓ పెద్దాయన.

"బాపట్ల," అన్నాను, వీలైనంత చిన్నగా.

"ఇంత దగ్గరా! అయితే లోపం ఫ్యానుది కాదు బావగారూ," అన్నాడాయన మామగారితో. "ఈయనకేమన్నా గ్యారంటీ కార్డు ఇచ్చారా?"

అందరూ నవ్వారు, యజమాని తప్ప. ఆయన కాసేపు ఆలోచించి, "డబ్బులొద్దండి, బాగుచేయించి ఇస్తాను," అని ఫ్యాను తీసుకున్నాడు. ఆ వెంటనే షాపు వెనకున్న ఇంట్లోకి కేకేశాడు:

"ఏమే, అల్లుడి కోసం దాచిన ఆ రేడియో ఇవాళే విప్పి వెయ్యి!"

ఆ ఫ్యాను ఇప్పటికీ తిరుగుతోంది. నేను మాత్రం అప్పటినుంచి అత్తవారింటికి గ్యారంటీ గడువు లోపలే వెళ్లివస్తున్నాను.