సామి కట్టె, నా నల్లబిళ్ల

మా నాయన రెండు బావులు తవ్వించి రెండింట్లోనూ దుమ్మే చూసినాడు. రెండు చోట్లూ చూపించింది ఒక్కడే, నీళ్లు చూపే సామి. మూడు రాళ్ల మీద ఇత్తడి తట్ట పెట్టి, నీళ్లు పోసి, ఆకు మీద సూది తేలేస్తాడు. తట్ట కింద చేతికట్టె దూర్చి మంత్రం గొణిగితే సూది గిర్రున తిరుగుతుంది. గంగ పలికిందంటాడు. మూడో బావి కోసం నాయన కాడెద్దులు అమ్మడానికి సిద్ధమైనాడు. ఆ సామి పరువు తీస్తే గానీ నాకు తిన్నది అరిగేట్టు లేదు.

నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరును. ఒకసారి సామి బర్రెను తోలుకొచ్చి, కట్టెను నా బల్లకు ఆనించినాడు. నా కత్తెర ఎగిరిపోయి కట్టె మొనకు అతుక్కునింది. లోపల అయస్కాంతం! కత్తెర పీక్కుని, బర్రెకు మందిచ్చి పంపినా. వాణ్ణి నలుగురిలో పడగొట్టాల.

బెంగళూరు ల్యాబులో పనిచేసే స్నేహితుణ్ణి బతిమాలి అరచేయంత నల్లబిళ్ల తెచ్చుకున్నా. ద్రవ నత్రజనిలో ముంచితే అది సూపర్ కండక్టర్ అవుతుంది, అయస్కాంతం బలాన్ని అవతలికి పోనీదు. నత్రజనికేం కొదవ? ఎద్దుల వీర్యం దాచే క్యాను ఆసుపత్రిలోనే ఉండె. మూడో బావికి చోటు చూపేనాడు థర్మాకోల్ పెట్టెలో బిళ్ల పెట్టి, నత్రజని పోసి తీసుకపోయినా.

"సామీ, తట్ట కింద ఈ పెట్టె పెట్టుకో. గంగమ్మకు సల్లగుంటాది" అన్నా. థర్మాకోల్ పెట్టెలోంచి తెల్లటి పొగ జారతాంటే జనం దండాలు పెట్టినారు. సామి ఉబ్బిపోయి పెట్టె కింద కట్టె దూర్చినాడు. సూది కదల్లేదు.

"ఏమప్పా, గంగ అలిగిందా?" అన్నాడు నాయన.

సామి మంత్రం పెంచినాడు. ఇంతలో నత్రజని ఆవిరైపోయింది, బిళ్ల వేడెక్కి వట్టి పెంకు అయింది. సూది గిర్రున తిరిగింది.

"వచ్చె! గంగ వచ్చె!" అని అరిచినాడు సామి.

నాయన ఎద్దులు కొననొచ్చిన బేరగాని వైపు తిరిగినాడు. నేను కట్టె లాక్కుని, తట్టను బోడిబండ మీదికి మార్చి, మొన పక్కన పెట్టినా. ఆడా తిరిగింది.

"నాయనా, బండలో గూడా గంగుండాదంట!" అని జేబులో కత్తెర తీసి మొనకు అంటించినా.

నాయన మోకు తెచ్చి సామి నడుముకు కట్టినాడు. "నువ్వు చూపిన నీళ్లు మా కండ్లకు ఆనలేదు సామీ. నువ్వే దిగి చూపిచ్చు."

సామిని రెండో బావిలోకి దించి, పొద్దు వాలేదాకా గట్టు మీద కూర్చుని, వేరుశెనగ బుడ్డలు నముల్తా, నేను అడగతానే ఉన్నా:

"కనపడ్నాయా సామీ?"

"లేవన్నా! నీ కాళ్లు మొక్కుతా!"

"ఇంకొంచెం బాగా చూడు."

ఎద్దులు మా కొట్టంలోనే ముసలివైనాయి. ఆ బావికి మాత్రం ఆపొద్దే తడి తగిలింది. సామి కండ్లనీళ్లు జానెడు లోతు నిలిచినాయని నేనంటే మా ఊళ్లో ఎవరూ నమ్మరు.